ఒక తిట్టు, ఒక కుట్టు

మన విమర్శకుల దగ్గర ఒక తిట్టు వుంది. నవల నచ్చకపోతే వాడతారు, సినిమా నచ్చకపోతే వాడతారు, నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే సంపాదకీయాల్లోనూ వాడతారు. "అతుకుల బొంత" అంటారు. అంతే! ఇక ఆ రచయిత తలెత్తుకోకూడదన్న మాట. కథ ఎక్కడ కుదరలేదు, ఏ పాత్ర ఎందుకు పొసగలేదు అని వివరంగా చెప్పాల్సిన శ్రమ విమర్శకుడికి తప్పిపోతుంది. ఈ మాటను నేను ఎన్ని సమీక్షల్లో చదివానో లెక్కలేదు. చదివినప్పుడల్లా నాకు ఒకటే సందేహం. ఈ మహానుభావుల్లో ఎంతమంది బొంతను సరిగ్గా చూశారు? కప్పుకుని పడుకున్నవాళ్లు చాలామందే వుంటారు లెండి. వాళ్లమ్మగారు కుట్టిందో, అమ్మమ్మగారు కుట్టిందో. పడుకున్నంత మాత్రాన చదివినట్టా?

సామెతలు మాత్రం తక్కువ తిన్నాయా? "గంతకు తగ్గ బొంత" అంటాం. గంత అంటే పశువు వీపు మీద బరువు కింద వేసే మెత్త. పెళ్లివారు వెళ్లిపోయాక, వాళ్ల పిల్లనీ పిల్లవాణ్ణీ కలిపి మూతి విరుస్తూ అనే మాట అది. పురిటి మంచం దగ్గర్నుంచి కాటికి వెళ్లేదాకా మనిషిని మోసే వస్తువుకి మన భాష ఇచ్చిన మర్యాద ఇదీ!

అందుకని ఈ వారం పుస్తకాన్ని పక్కన పెట్టి ఒక బొంతను సమీక్షిద్దామనుకుంటున్నాను. అచ్చు వెయ్యలేదు, ఆవిష్కరణ సభ జరగలేదు, రచయిత్రి పేరు ఎక్కడా లేదు. ఒకే ప్రతి. అదీ మా ఇంట్లో అటక మీద దొరికింది.

బొంత ఎలా పుడుతుందో తెలియని చెల్లెళ్ల కోసం ముందు రెండు మాటలు. బొంతకి కొత్త గుడ్డ పనికిరాదు. కట్టీ కట్టీ, ఉతికీ ఉతికీ, ఆరేస్తే గాలికే చిరిగేటంత వడిలిన నూలు చీర కావాలి. కింద ఒక నిండు చీరో పంచెో పరుస్తారు. దాని మీద చిరుగులు తీసేసిన ముక్కలు, ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా సర్దుతారు. మూడు పొరలో, నాలుగు పొరలో, చలికాలానికైతే ఆరు పొరలో. పైన మళ్లీ ఒక నిండు చీర. నాలుగు మూలలా ఇత్తడి చెంబులు పెట్టి, ముడతలు లేకుండా చేత్తో సవరించి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. ఆ తరవాత అసలు కుట్టు మొదలు. పరుగు కుట్టే. సూది దిగటం, లేవటం, దిగటం, లేవటం. ఇంతకంటే సులువైన కుట్టు ప్రపంచంలో లేదు, ఇంతకంటే విసుగైనదీ లేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు వసారాలో ఇద్దరు ముగ్గురు కూర్చుంటే, ఊళ్లో సంగతులన్నీ అయిపోయేసరికి రెండు జానల మేర కుట్టు పూర్తయ్యేది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో అతుకులు ఎక్కడున్నాయి? లోపలున్నాయి. పైకి కనిపించేది నిండు చీర. పైన కూడా రంగురంగుల ముక్కలు పేర్చి కుట్టేవాళ్లు లేకపోలేదు గాని, కృష్ణా జిల్లాలో నేను చూసిన బొంతలు చాలావరకు ఇలాంటివే. విడిగా లాగితే చేతిలోకి వచ్చేసే చీరలు, కలిపి కుట్టాక పాతికేళ్లు నిలుస్తాయి. ఎందుకంటే లాగిన బరువంతా ఒక్క చీర మీద పడదు, వేల కుట్ల మీద పంచుకుపోతుంది. అంటే బొంతకి ప్రాణం ముక్కల్లో లేదు, అన్ని పొరల్లోంచీ ఈ చివరి నుంచి ఆ చివరికి పోయే దారంలో వుంది. కాబట్టి అయ్యా విమర్శకులూ! నవల నిలవకపోతే "కుట్టు లేని బొంత" అనండి, ఒప్పుకుంటాను. పదిచోట్లనుంచి తెచ్చిన ముక్కలున్నాయని మాత్రం తిట్టకండి. అలా అయితే ముందు మన భారతాన్ని తిట్టాలి.

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. తెలుగు భారతం ముగ్గురు చేతుల్లో తయారైంది. పదకొండో శతాబ్దంలో నన్నయగారు మొదలుపెట్టి, ఆదిపర్వం, సభాపర్వం పూర్తి చేసి, అరణ్యపర్వం సగంలో ఆపేశారు. పదమూడో శతాబ్దంలో తిక్కనగారు ఆ సగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం దగ్గర సూది పట్టి చివరిదాకా కుట్టుకుపోయారు. నడుమ మిగిలిన చిరుగును పద్నాలుగో శతాబ్దంలో ఎర్రనగారు పూరించారు. ఎలా పూరించారు? తన పేరు చెప్పుకోకుండా నన్నయగారే రాసినట్టుగా, ఆయనలాగే రాజరాజనరేంద్రుడికే అంకితం చేస్తూ. మొదట్లో నన్నయగారి నడక పట్టుకుని, పోనుపోను తిక్కనగారి నడకలోకి మెల్లగా దించారని మన పెద్దలు మెచ్చుకుంటారు. ఇది అచ్చంగా బొంత పని కాదూ? ఒకరు సగంలో వదిలిన కుట్టును ఇంకొకరు అందుకోవటంలో వుండే కష్టం ఎర్రనగారికి తెలుసు, మా అత్తగారికి తెలుసు.

ఆవిడ పోయిన ఏడాది తరవాత అటక సర్దుతూ ట్రంకు పెట్టె దింపాం. అడుగున ఒక దిండు గలీబు, దానికి పైన ముడి. లోపల పొడుం పొడుం అయిపోయిన వేపాకు, రెండు కలరా ఉండలు, ఒక చిన్న బొంత. వెడల్పు రెండు మూరలు, పొడుగు మూడు మూరలు. అంటే చంటిబిడ్డకి కుట్టింది. మా ఇంట్లో పెరిగిన పిల్లలెవరి కిందా నేను ఆ బొంతను చూడలేదు. మా అమ్మాయి పుట్టినప్పుడు అత్తగారు మూడు రోజుల్లో వేరే బొంత కుట్టి ఇచ్చారు తప్ప, దీన్ని దింపలేదు.

పైన నిమ్మపండు రంగు వాయిలు చీర. కింద తాతగారి పంచె. చుట్టూ నాలుగు వైపులా ఎర్రంచు కోసి మడిచి కుట్టారు. కుట్టు వరసలు అడ్డంగా సాగలేదు. బయటి అంచు దగ్గర మొదలై చుట్టులోపల చుట్టుగా, వాకిట్లో వేసే గీతల ముగ్గులా, నడిమికి చేరతాయి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే గట్లు వేసిన మళ్లలాగా వుంటుంది. ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పాలి. బౌద్ధుల వినయ పిటకంలో, బుద్ధుడు మగధదేశంలో గట్లూ మళ్లూగా తీర్చినట్టున్న పొలాలను చూసి, భిక్షువుల వస్త్రాన్ని అలా కుట్టగలవా అని ఆనందుణ్ణి అడిగాడని వుంది. ఆనందుడు ముక్కలు కోసి అలాగే కుట్టి చూపించాడు. ఆ వస్త్రం కట్టుకున్న భిక్షువులు మన కృష్ణాతీరంలో అమరావతిలోనూ, జగ్గయ్యపేటలోనూ, ఘంటసాలలోనూ తిరిగారు. మా అత్తగారి పుట్టింటికి పోయే దారికి ఘంటసాల దగ్గరే. మగధ పొలాలను చూసి కుట్టిన గుడ్డ, వరి మళ్ల మధ్యకే వచ్చి చేరిందన్న మాట. మా అమ్మమ్మగారికి, అంటే మా అత్తగారి తల్లికి, ఈ కథ తెలిసే అవకాశం లేదు. ఆవిడకి మళ్లు తెలుసు, అది చాలు.

బయటి చుట్లలో కుట్టు బియ్యపుగింజంత. ఒక్క గింజా పెద్దది లేదు, చిన్నది లేదు. పధ్నాలుగు చుట్లు అలా నడిచింది. పదిహేనో చుట్టు సగంలో ఏదో అయింది. అక్కడినుంచి కుట్టు చింతగింజంత. కొన్నిచోట్ల రెండు చింతగింజలంత. వరస తప్పి పక్క వరసలోకి పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. దారం కూడా మారింది. బయట తెల్లరీలు దారం, లోపల నీలం పోగు, రీలుది కాదు, ఏదో గుడ్డలోంచి లాగింది. నడుమ ఒక పక్కగా పాత మ్యాప్‌లో సముద్రతీరంలా వంకరగా పోయిన గోధుమరంగు చార.

ఇంతవరకు నా అంతట నేను చదివింది. మిగతాది మా వదినగారు, అంటే మా వారి అక్కగారు, చెప్పింది. 1977 నాటికి ఆవిడకి 14 ఏళ్లు.

మా అమ్మమ్మగారిది దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఒక పల్లె. ఆ ఏడు వాళ్ల ఆఖరమ్మాయి, మా వారికి చిన్న పిన్ని, ఏడో నెలలో పురిటికి పుట్టింటికి వచ్చింది. అమ్మమ్మగారు బిడ్డకి బొంత మొదలుపెట్టారు. పధ్నాలుగున్నర చుట్లు అయ్యాక, దాన్ని చెక్కపెట్టెలో పెట్టి, పురిటికి కావలసిన సామాను కొనటానికి బెజవాడ పెద్దకూతురి ఇంటికి వచ్చారు. వచ్చిన మర్నాడు నవంబరు 19. ఉప్పెన. ఆ రాత్రి దివిసీమలో ఏం జరిగిందో మన వైపు వాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. ఎంత తక్కువ లెక్క వేసినా 10,000 మంది పోయారు. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి పేర్లు ఆంధ్రదేశమంతా మొదటిసారి విన్నది శవాల లెక్కలతో పాటే. పిన్ని దొరకలేదు. పెట్టె మాత్రం రెండు పొలాల అవతల బురదలో దొరికింది.

అమ్మమ్మగారు ఆ తరవాత పల్లెకు వెళ్లి వుండలేదు, బెజవాడలోనే వుండిపోయారు. ఆ మాఘమాసంలో ఒకరోజు బొంత తీసి, ఉతికి, ఆరేసి, కూర్చుని కుట్టటం మొదలుపెట్టారట. రీలు కొనిచ్చినా ముట్టుకోలేదట. సాయంగా వచ్చిన చీరల్లో ఆవిడ వంతుకు వచ్చిన దాని అంచులోంచి పోగులు లాగి, దానితోనే కుట్టారట. మా అత్తగారు "నేను కుడతాలే అమ్మా" అంటే చెయ్యి పక్కకు తోసేసేవారట. "పది రోజులు పట్టింది. పది రోజులూ ఒక్క మాట లేదు. అయ్యాక మడిచి అమ్మ చేతికి ఇచ్చింది" అంది వదిన.

సూసన్ గ్లాస్పెల్ అని అమెరికా రచయిత్రి వుంది. యవ్వనంలో పత్రికా విలేఖరిగా పనిచేస్తూ, 1900లో అయోవాలో జరిగిన ఒక రైతు హత్య కేసు గురించి రాసింది. నేరం మోపింది అతని భార్య మీద. చాలా ఏళ్ల తరవాత, 1916లో, ఆ జ్ఞాపకంతోనే "ట్రైఫుల్స్" అనే చిన్న నాటిక రాసింది. చిల్లర మల్లర సంగతులు అని అర్థం. షరీఫూ, వకీలూ సాక్ష్యం కోసం మేడంతా వెతుకుతుంటారు. వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఆ ఇల్లాలు సగంలో వదిలేసిన బొంత ముక్కలు చూస్తుంటారు. దాన్ని కుడుతుందా, ముడులు వేస్తుందా అని వాళ్లు అనుకుంటుంటే విని మగవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు మన విమర్శకుల నవ్వే సుమండీ. కాని అంతా చక్కగా వున్న కుట్టు ఒక ముక్కలో మాత్రం తప్పతాగినట్టు వంకర్లు పోయిందని ఆడవాళ్లు పట్టుకుంటారు. ఆ వంకరలోనే కేసంతా వుంది. మగవాళ్లు మేడ దిగి వచ్చేలోగా వాళ్లలో ఒకావిడ ఏం చేస్తుందో తెలుసా? మెల్లగా ఆ వంకర కుట్టు విప్పేసి, సరిగ్గా కుట్టటం మొదలుపెడుతుంది. స్నేహితురాలిని కాపాడటానికి!

సాహిత్యంలో బొంతకు రాసిన సమీక్షల్లో దీన్ని మించింది నాకు కనపడలేదు. ఆ ఇద్దరూ చదివిన తీరు చూడండి, పట్టుకున్నది రంగునీ అందాన్నీ కాదు, చెయ్యి ఎక్కడ వణికిందో దాన్ని.

మా అత్తగారి సంగతి దీనికి తలకిందులు. ఆవిడకి వంకర కుట్టు కనిపిస్తే నిద్ర పట్టేది కాదు. నా పెళ్లయిన కొత్తలో నేను హెమ్మింగు చేసుకున్న జాకెట్లన్నీ రాత్రికి రాత్రి విప్పి మళ్లీ కుట్టి, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు కాఫీ ఇచ్చిన మనిషి. అలాంటావిడ నలభై ఏళ్లకు పైగా ఆ చింతగింజ కుట్టును దగ్గర పెట్టుకుని ఒక్క పోగు విప్పలేదు. మంచి సంపాదకురాలికి దిద్దటం ఎంత తెలియాలో, దిద్దకుండా వుండటం అంత తెలియాలి. మన పత్రికల్లో ఎంతోమందికి మొదటిది వచ్చు. రెండోది వచ్చినవాళ్లు తక్కువ. (ఈ వాక్యాన్ని సంపాదకులు వుంచుతారో తీసేస్తారో చూడాలి.)

ఇలాంటి బొంతలు ఎన్ని ఇళ్లల్లో వున్నాయో! అయినా మనకి బొంత సాహిత్యమూ లేదు, బొంత విమర్శా లేదు. బెంగాలీవాళ్లని చూడండి. సంస్కృతంలో కంథ అంటే బొంతే. ఆ మాటే వాళ్లకి కాంథా అయింది. పాత చీరలు, పరుగు కుట్టు, సామగ్రి అంతా మనదే. వాళ్లు కుట్టుతో బొమ్మలు కూడా వేశారనుకోండి, అది వాళ్ల గొప్ప. కాని జసీముద్దీన్ అనే కవి 1929లో "నక్షీ కాంథార్ మాఠ్" అని ఒక కథాకావ్యమే రాశాడు. అందులో పల్లెపడుచు తన ప్రేమనీ, సంసారాన్నీ, దూరమైపోయిన మొగుణ్ణీ కాంథా మీద కుడుతూ కుడుతూ, తన సమాధి మీద దాన్ని కప్పమని చెప్పి కన్నుమూస్తుంది. శిల్పం మీదా ఆలయాల మీదా ఉద్గ్రంథాలు రాసిన స్టెల్లా క్రామ్రిష్ 1939లో కాంథా మీద వ్యాసం రాసింది. ఆవిడ సేకరించిన కాంథాలు అమెరికాలో ఫిలడెల్ఫియా మ్యూజియంలో వున్నాయి. ఒక కవి, ఒక విమర్శకురాలు, ఒక మ్యూజియం. మన బొంతకు? ఒక సామెత, ఒక తిట్టు!

అలాగని మన తీరానికి ఈ విద్యలో వాటా లేదనుకోకండి. బందరు రేవునుంచి పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఓడలెక్కిన అద్దకం గుడ్డల్లో పడక మీద కప్పే పెద్ద దుప్పట్లు కూడా వున్నాయి. పలంగ్ పోష్ అన్న మాటను తెల్లవాళ్లు పలకలేక పలంపోర్ అన్నారు. మన కోస్తా అద్దకం మీద మోజు ఎంత ముదిరిందంటే, వాళ్ల నేతగాళ్లు గోలపెట్టి 1700లో ఒక చట్టం, 1721లో ఇంకో చట్టం చేయించుకున్నారు. గుడ్డ కరువైనప్పుడు అక్కడి ఆడవాళ్లు ఏం చేశారు? చిరిగిన అద్దకం గుడ్డల్లోంచి పువ్వూ, ఆకూ, పిట్టా కత్తిరించి, తెల్లగుడ్డ మీద పరిచి కుట్టి బొంతలు చేసుకున్నారు. ఇవాళ వాళ్ల మ్యూజియాల్లో అద్దాల వెనక వేలాడే ఆ బొంతల్లో కోరమాండల్ తీరం అద్దకం వుంది. వాళ్లు దాన్ని అతుకుల బొంత అని తిట్టుకోవటం లేదు, టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు.

గోడకు వేలాడదియ్యటం అంటే గుర్తొచ్చింది. నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్‌గారు "పాత కెరటాలు"లో ఇంగ్లీషు నవలల్ని మనకు పరిచయం చేసి, ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లకి దేశదేశాలు చూపించారు. ఆ అలవాటుకొద్దీ ఒక అమెరికా కథ చెబుతాను. 1973లో ఆలిస్ వాకర్ రాసిన "ఎవ్రీడే యూజ్". రోజువారీ వాడకం అన్న మాట. పల్లెలో ఒక నల్లజాతి తల్లి, ఇద్దరు కూతుళ్లు. పెద్దది పట్నంలో చదువుకుని, పేరు మార్చుకుని, కెమెరా పట్టుకుని వస్తుంది. అమ్మమ్మ ముక్కలు కూర్చిన బొంతలు తనకి కావాలంటుంది, గోడకు తగిలిస్తానంటుంది. చిన్నది పిరికిది, కాలిన మచ్చలున్న పిల్ల. తల్లి ఆ బొంతలు దానికి పెళ్లిలో ఇస్తానని మాట ఇచ్చి వుంది. అది రోజూ వాడి చింపేస్తుందని పెద్దదాని ఏడుపు. చిరిగితే చిన్నది మళ్లీ కుట్టగలదు, దానికి కుట్టు వచ్చు, అని తల్లి ధైర్యం. చివరికి బొంతలు లాక్కుని చిన్నదాని ఒళ్లో పడేస్తుంది.

కథ చదివి అందరూ తల్లి పక్షమే చేరతారు. నేనూ చేరాను. అయినా ఆ పెద్దకూతురి మీద కొంచెం జాలి కూడా చూపించాలి. చదువుకుంది కాబట్టే బొంత విలువ తెలిసింది, తెలిసిన విధానమే పొరపాటు. గోడకు తగిలించాలన్న కోరిక అంత నేరమూ కాదు. అలబామాలో గీస్ బెండ్ అనే చోట నల్లజాతి స్త్రీలు కుట్టిన బొంతలు 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కబట్టే కదా, వాటిని కుట్టినవాళ్ల పేర్లు లోకానికి తెలిశాయి! 2006లో ఆ దేశం ఆ బొంతలతో పది తపాలా బిళ్లలు వేసింది.

నాకు వాకర్‌గారితో పేచీ ఇంకోచోట. ఆవిడ కథలో బొంతకి రెండే గతులు. వాడటం, లేకపోతే వేలాడదియ్యటం. మా గలీబులోని బొంత ఈ రెంటికీ చెందదు. దాన్ని ఎవరూ దాచుకోలేదు, ఎవరూ చూపించుకోలేదు. పడుకోవలసిన బిడ్డ రాలేదు కాబట్టి అది వాడకంలోకి రాలేదు, అంతే. అలాంటి బొంతను ఏం చెయ్యాలో ఆ కథ చెప్పదు. ఆ కథ అంత మంచి కథ కాబట్టే, దాని దగ్గర ఈ జవాబు లేకపోవటం నాకు వెలితిగా వుంది.

ఇంతకీ బొంతలు మన ఇళ్లల్లోంచి ఎలా పోయాయి? పట్నవాసం వల్ల అంటారు, ఫోము పరుపుల వల్ల అంటారు. నన్నడిగితే మొదటి ముద్దాయి స్టీలు గిన్నె. "పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా" అని గంప నెత్తిన పెట్టుకుని వీధిలో కేక వినపడగానే మనందరం బీరువాలు ఖాళీ చేశాం. నాలుగు చీరలకి ఒక టిఫిన్ డబ్బా. ఆ చీరలు వుంటే కదా బొంత! రెండో ముద్దాయి నైలెక్సూ, పాలియెస్టరూ. అవి చిరగవు, వడలవు, చెమట పీల్చవు. నాలుగు పొరలు పేర్చి సూది దించితే ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. ఎప్పటికీ పాతబడని గుడ్డతో బొంత కుట్టలేం. ఈమధ్య కొట్లల్లో మిషను మీద కుట్టిన ముక్కల దుప్పట్లు అమ్ముతున్నారు. చూడటానికి ముచ్చటగానే వున్నాయి. కొత్త గుడ్డను ముక్కలుగా కోసి మళ్లీ అతకటం నా బుర్రకి ఎక్కదు గాని, కొనుక్కునేవాళ్లని నేనేమీ అనను.

ఇప్పుడు మా అమ్మాయికి ఏడో నెల. బొంత సంగతి ఇంట్లో పెద్ద చర్చ అయింది. అమ్మాయి మొదట అచ్చంగా వాకర్‌గారి పెద్దకూతురిలాగే, అద్దం కట్టించి హైదరాబాదులో తన హాల్లో పెట్టుకుంటానంది. చుట్టాల్లో ఒక పెద్దావిడ, "చచ్చిపోయినదాని బిడ్డకి కుట్టింది, ఈ పిల్ల కిందా? మీకేమన్నా మతి పోయిందా?" అని గట్టిగానే కోప్పడింది. ఆవిడ మాటను మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యటం సులువే. కడుపుతో వున్న పిల్లను ఎదురుగా పెట్టుకుని కొట్టిపారెయ్యటం అంత సులువు కాదు. రెండు రాత్రులు నాకు నిద్ర లేదు.

వదిన చెప్పింది మూడో దారి. అరిగిన బొంతను పారెయ్యకుండా దానికి పైనా కిందా వేరే చీర తొడిగి, మళ్లీ కుట్టటం మనకి ఎప్పటినుంచో వున్నదే. పాత బొంత కొత్త బొంతకి లోపలి పొర అవుతుంది. "అమ్మ కట్టి వదిలిన మంగళగిరి చీర వుందిగా. లోపల అమ్మమ్మ, పైన అమ్మ. ఇంక ఆ పిల్లకి దిష్టి కూడా తగలదు" అంది. కోప్పడిన పెద్దావిడ కూడా దీనికి కాసేపు ఆలోచించి, "అయితే సరే" అంది.

ఒప్పుకోవటం కష్టమైంది నాకే. చదవండి, చూడండి అని ఇంతసేపు మొత్తుకున్న మనిషిని. చీర తొడిగేస్తే ఆ నీలం పోగు మళ్లీ ఎవరికి కనిపిస్తుంది? పదిహేనో చుట్టును ఎవరు చదువుతారు? ఈ ఒక్క ప్రతినీ నా చేతులతో నేనే మూసెయ్యాలి! అమ్మాయి బొంత తీసుకుని, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమింది. పాత మంగళగిరి చీర దాని మీద పరిచి మళ్లీ తడిమింది. "తెలుస్తోందమ్మా. ఇక్కడిదాకా సన్నం, ఇక్కడినుంచి గరుకు" అంది. అంత వడిలిన చీర అది. నేనిక మాట్లాడలేదు.

కుట్టు మొదలుపెట్టి ఇరవై రోజులైంది. వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ పక్క సందులో తెల్లదారం కొన్నాను. సూది మా అత్తగారిదే. అమ్మమ్మగారి వరసల మీదుగానే నా వరసలు పోతున్నాయి. బియ్యపుగింజ రావటం లేదు, కందిగింజ వస్తోంది. వదిన ఆదివారాలు వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూసి, ఏమీ అనకుండా నాలుగు కుట్లు విప్పి సూది నా చేతికి ఇస్తుంది. పధ్నాలుగు చుట్లూ అయ్యాయి. పదిహేనోది సగందాకా వచ్చి ఆగాను. అక్కడినుంచి ఎర్రనగారిలా ఆవిడ చేతిని అనుసరించి పెద్ద కుట్టే వెయ్యాలా, నా కందిగింజలే నడిమిదాకా తీసుకుపోవాలా అన్నది తేలలేదు. కుట్టకుండా వదిలేస్తే పొరలు జారతాయి. వదిన ఈ ఆదివారం చూద్దామంది. అమ్మాయి మాత్రం సీమంతానికి కట్టుకున్న నీలం చీర తెచ్చి, అంచులోంచి పోగులు లాగటం మొదలుపెట్టింది. పట్టంచు కాదు, నూలే.